పాత చిన్న లారీలో బ్లీడర్ స్క్రూ విరిగితే: ముక్క తీయించడమా, సిలిండర్ మార్చడమా, కొత్త మర వేయించడమా?

పాత చిన్న లారీకి బ్రేక్ ఆయిల్ మార్చేటప్పుడో, చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడితో బ్రేకు షూలను నెట్టే వీల్ సిలిండర్‌కు కొత్త రబ్బరు కప్పులు వేసి లోపలి గాలి తీసేటప్పుడో, ఆ గాలిని బయటికి వదిలే బ్లీడర్ స్క్రూ తల విరిగి పానాలోనే ఉండిపోతే, షెడ్డులో ముందుగా వినిపించే మాట ‘ఈజీ అవుట్ (విరిగిన స్క్రూలోకి దిగగొట్టి తిప్పి తీసే పనిముట్టు) పెట్టి తీసేద్దాం’ అన్నదే. చాలా సందర్భాలలో అది మొదట చేయవలసిన పని కాదని, కొన్ని సందర్భాలలో అసలు చేయకూడని పని అని నా అభిప్రాయం. ముక్కను ఎలా తీయాలన్న ప్రశ్న కంటే ముందు, అది ఏ భాగంలో ఇరుక్కుంది, ఆ భాగం కొత్తది దొరుకుతుందా, ప్రస్తుతం ఆయిల్ కారుతోందా అన్న మూడు విషయాలు తేలాలి. ఇవి తేలాక ఎంచుకోవలసిన దారి చాలావరకు స్పష్టమవుతుంది.

ఇక్కడ చెప్పేదంతా హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే) బ్రేకులున్న బండ్ల గురించి: 1986లో వచ్చిన టాటా 407 తరం లారీలు, ముందు డిస్కు, వెనుక డ్రమ్ము ఉండే మహీంద్రా బొలెరో పికప్ వంటివి. పూర్తిగా గాలి బ్రేకులతో నడిచే పెద్ద లారీలలో ఈ స్క్రూ ఉండదు కనుక ఈ చిక్కూ ఉండదు.

మెకానిక్కులు నిప్పిల్ అని పిలిచే ఈ స్క్రూ లోపల బోలుగా ఉంటుంది. దాని కొసన శంకువు ఆకారంలో ఉన్న ముక్కు సిలిండర్ లోపలి సీటుకు గట్టిగా ఆని ఆయిల్‌ను ఆపుతుంది. స్క్రూను కొద్దిగా వదులు చేస్తే ముక్కుకు దగ్గరలో ఉన్న అడ్డ రంధ్రం గుండా ఆయిల్, గాలి నడిమి గొట్టంలోకి చేరి పైనుంచి బయటికి వస్తాయి. అంటే ఆయిల్‌ను ఆపేది మర కాదు, సీటు. కింద చెప్పబోయే మంచిచెడ్డలలో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉన్నాయి. బోలుగా ఉండటం వల్ల స్క్రూ గోడ పలుచగా ఉంటుంది. పైన రబ్బరు టోపీ ఊడిపోతే నడిమి రంధ్రంలో నీరు, మట్టి చేరి లోపలి నుంచీ బయటి నుంచీ తుప్పు తింటుంది. కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాలలో తిరిగే బండ్లలోను, భీమవరం చుట్టుపక్కల చేపలు, రొయ్యలు ఐసు పెట్టెలలో మోస్తూ ఉప్పునీరు చక్రాల మీదికి కార్చుకునే బండ్లలోను ఈ తుప్పు తొందరగా ముదురుతుంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో వంటి రాష్ట్రాలలో పాత పికప్ ట్రక్కు నడుపుతున్న మన వాళ్లకు కూడా ఇదే అనుభవం ఎదురవుతుంది.

ఆయిల్ కారుతోందా, లేదా

స్క్రూ ఏమాత్రం కదలకుండా తల మాత్రమే విరిగితే, ముక్కు సీటు మీద యథాతథంగా బిగిసే ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా ఒకరు పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టుకుని, మరొకరు విరిగిన చోటును పొడిగుడ్డతో తుడిచి చూడాలి. చెమ్మ కనబడకుండా, పెడల్ మెల్లగా కిందికి దిగిపోకుండా, స్పాంజిలా మెత్తగా లేకుండా ఉంటే ఆ చక్రం బ్రేకు మునుపటిలాగే పని చేస్తోందన్నమాట. అటువంటప్పుడు ఆ రాత్రికి రాత్రే ముక్కను తవ్వి తీయాలన్న తొందర పెట్టుకోకుండా, కావలసిన సిలిండర్ లేదా క్యాలిపర్ (డిస్కు బ్రేకులో ప్యాడ్లను నొక్కే భాగం) తెప్పించుకుని, పనికి రోజు కుదుర్చుకోవడమే తెలివైన ఎంపిక. లోపల బిగుతుగా ఉన్నదాన్ని సిద్ధం కాకుండా కదిలిస్తే, నడుస్తున్న బండి నిలిచిపోతుంది.

అయితే ఈ వాయిదా నెలల తరబడి సాగకూడదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరిన ఆయిల్‌కు ఆ ప్రమాణమే 140 డిగ్రీలు. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. బరువుతో అరకు ఘాటో, శ్రీశైలం ఘాటో దిగుతూ మాటిమాటికీ బ్రేకు తొక్కే బండిలో పాత ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ కింద పట్టు లేకుండా పోతుంది. స్క్రూ విరిగిందన్న కారణంతో ఆయిల్ మార్చడం మానేసిన బండిని ఘాట్ మీదికి తీసుకుపోకూడదని గట్టిగా చెబుతున్నాను.

స్క్రూ కొంచెమైనా తిరిగాక విరిగినా, గొట్టం విప్పి బిగించడం వల్ల లోపల గాలి చేరినా వాయిదా అన్న మాటే లేదు. బండి ఉన్నచోటనే పని పూర్తి కావాలి, లేదా మరో బండికి కట్టి కాకుండా దాని మీదికి ఎక్కించి షెడ్డుకు చేర్చాలి.

డ్రమ్ము బ్రేకు అయితే

వెనుక చక్రాల వీల్ సిలిండర్‌లో స్క్రూ విరిగితే నా సలహాలో సందేహానికి తావు లేదు: సిలిండర్ మొత్తం మార్చండి. నిప్పిల్ మరలను అంతగా తుప్పు తిన్న సిలిండర్ లోపలి గోడ మీద కూడా గుంటలు పడి ఉండే అవకాశం ఎక్కువ. ఆ గుంటల మీద కొత్త రబ్బరు కప్పులు ఎన్నాళ్లో నిలవవు. వాడుకలో ఉన్న చిన్న లారీలకు వీల్ సిలిండర్ ఖరీదైన వస్తువు కాదు; ముక్క తీయడానికి పూట గడిపే మెకానిక్ కూలి, లేత్ షాపు ఖర్చు, బండి ఆగినందువల్ల పోయే కిరాయి కలిపి చూసుకుంటే కొత్త సిలిండరే చవక.

కానీ ఈ దారిలోనూ ఒక మెలిక ఉంది, చాలామంది దాన్ని ముందుగా లెక్కలోకి తీసుకోరు. సిలిండర్ విప్పాలంటే దానికి వెనుక బిగించిన ఉక్కు బ్రేక్ పైపు నట్టును విప్పాలి. స్క్రూను పట్టేసిన తుప్పు ఆ నట్టునూ పట్టేసి ఉంటుంది. మామూలు పానా వేస్తే నట్టు మూలలు అరిగిపోతాయి, లేదా నట్టుతో పాటు పైపు కూడా మెలితిరిగి చిట్లుతుంది. పైపును చుట్టుకుని పట్టే ఫ్లేర్ నట్ పానా వాడాలి. ముందురోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచాలి. నట్టు కదలగానే బిగించే వైపు కొంచెం, విప్పే వైపు కొంచెం తిప్పుతూ రావాలి. అయినా పైపు మెలిపడితే దాన్ని నిటారు చేసి మళ్లీ వాడకూడదు, కొత్త పైపు వేయాలి. అందుచేత సిలిండర్ కొనేటప్పుడే వెనుక ఇరుసు మీది పైపు కూడా దొరుకుతుందేమో కనుక్కుని ఉంచుకోవడం మంచిది. చేతితో వంచి చేసే పైపు అయితే బ్రేకుల కోసం తయారైన ఉక్కు గొట్టమే, కొసలు డబుల్ ఫ్లేర్ చేసి (రెండు మడతలుగా విప్పార్చి) వాడాలి. నడుమ కోసి, డీజిల్ లైన్లకు వాడే జాయింట్లతో అతికించిన పైపు ఎంత చక్కగా కనిపించినా అంగీకరించవద్దు.

కొలత విషయంలో పట్టుదల అవసరం. సిలిండర్ లోపలి వ్యాసం సాధారణంగా దాని ఒంటి మీదే పోతపోసి ఉంటుంది. అంగడిలో ‘ఇది కూడా సరిపోతుంది’ అంటూ 22 మిల్లీమీటర్ల దానికి బదులు 25 మిల్లీమీటర్లది ఇస్తే, బోల్టులు సరిగ్గా కూర్చున్నా అదే ఒత్తిడికి షూల మీద పడే బలం దాదాపు 29 శాతం పెరుగుతుంది, ఎందుకంటే బలం వ్యాసాన్ని బట్టి కాదు, వైశాల్యాన్ని బట్టి మారుతుంది. ఒక చక్రానికి అలా జరిగితే బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. ఒకే ఇరుసు మీది రెండు సిలిండర్లనూ ఒకేసారి, ఒకే కొలతవి మార్చడం ఈ కారణంగానే మేలు. కారిన ఆయిల్ పీల్చుకున్న షూలను కడిగి తిరిగి వేయవద్దు. వేడెక్కినప్పుడు ఆ ఆయిల్ మళ్లీ పైకి ఊరుతుంది.

క్యాలిపర్ అయితే

ముందు డిస్కు బ్రేకు క్యాలిపర్ ధర ఎక్కువ, పాత బండికి దొరకడం కూడా కష్టం కావచ్చు, అందువల్ల ముక్క తీసే ప్రయత్నానికి ఇక్కడ అర్థం ఉంది. ఎన్ని పద్ధతులున్నా వాటిని ఎంచుకునే వరుసకు ఒక సూత్రం పెట్టుకోవాలి: ఒక ప్రయత్నం విఫలమైనా తరువాతి ప్రయత్నానికి దారి మూసుకుపోకూడదు. ఈజీ అవుట్‌ను మొదట వద్దనడానికి కారణం ఇదే. అది చాలా గట్టిపడిన, పెళుసైన ఉక్కు. బోలు స్క్రూ నడిమి రంధ్రంలోకి దాన్ని దిగగొడితే పలుచని గోడ వెడల్పయి మరలను ఇంకా గట్టిగా అదుముతుంది. ఇంకాస్త బలం పెడితే ఈజీ అవుటే లోపల విరుగుతుంది. విరిగిన ఆ ముక్కను మామూలు డ్రిల్లు బిట్టు కొరకదు. విద్యుత్ మెరుపులతో లోహాన్ని కరిగించి తీసే స్పార్క్ యంత్రం ఉన్న చోటికి పోవాలి, లేదా క్యాలిపర్ వదులుకోవాలి. బతికే అవకాశమున్న క్యాలిపర్లు ఈ తొందరపాటు వల్లే ఎక్కువగా పాడవుతాయి.

విరిగిన ముక్క కొంచెమైనా పైకి కనిపిస్తుంటే అన్నిటికంటే నెమ్మదైన పద్ధతితో మొదలుపెట్టాలి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కొన్ని గంటలు వదిలి, చిన్న సుత్తితో ముక్క మీదా దాని చుట్టూ క్యాలిపర్ మీదా తేలిగ్గా కొడుతూ ఉంటే తుప్పు పొర పగిలి స్ప్రే లోపలికి దిగుతుంది. తరువాత నడిమి రంధ్రంలో సరిగ్గా పట్టే మందాన ఉన్న డ్రిల్లు బిట్టును కాడ వైపు నుంచి దూర్చి, బయట గ్రిప్ ప్లయర్‌తో పట్టి తిప్పాలి. ఆ కాడ లోపల ఉండటం వల్ల ప్లయర్ నొక్కుడుకు గోడ చితికిపోదు. ఖర్చులేని ఈ చిన్న జాగ్రత్త షెడ్డులలో అరుదుగా కనిపించడం నాకు బాధ కలిగించే విషయం.

అది ఫలించకపోతే వేడి, వెల్డింగ్. ముక్క మీద దానికంటే కాస్త పెద్ద నట్టును పెట్టి, నట్టు లోపలి నుంచి మిగ్ వెల్డింగ్‌తో అతికించి, ఎరుపు తగ్గాక నట్టుకు పానా వేసి ముందుకూ వెనక్కూ మెల్లగా తిప్పడం నాకు తెలిసినంతలో అన్నిటికంటే ఎక్కువ నమ్మదగిన పద్ధతి. క్యాలిపర్ పోత ఇనుముదైతే వెల్డింగ్ లోహం దానికి అంత తేలికగా అతుక్కోదు, ఉక్కు స్క్రూకు మాత్రం బాగా పట్టుకుంటుంది. పైగా ఆ వేడి స్క్రూను వ్యాకోచింపజేసి తుప్పు పట్టును వదులు చేస్తుంది. మొదటిసారి నట్టు ఊడివచ్చినా నష్టం లేదు, రెండో నట్టు పెట్టవచ్చు. పైన చెప్పిన సూత్రానికి ఇంతకంటే బాగా సరిపోయే పద్ధతి లేదు.

వెల్డింగ్ అయినా, గ్యాస్ మంట అయినా మూడు జాగ్రత్తలు తప్పనిసరి. క్యాలిపర్‌ను బండి నుంచి విప్పి, పిస్టన్, సీలు, డస్ట్ కవర్ అన్నీ తీసి, ఆయిల్ పూర్తిగా కడిగి ఆరబెట్టాలి. లోపల ఆయిల్ మిగిలిన, రంధ్రాలు మూసి ఉన్న క్యాలిపర్‌ను వేడిచేస్తే ఆవిరి ఒత్తిడికి పిస్టన్ ఎగిరి వచ్చి మనిషిని గాయపరచగలదు. కడగడానికి క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడితే వెల్డింగ్ దగ్గరికి పోకూడదు, ఆ వేడికి, వెలుగుకు అది విడిపోయి ఫాస్జీన్ అనే ప్రాణాంతకమైన వాయువు పుట్టగలదు. ఇక వేడిచేసిన క్యాలిపర్‌కు పాత సీలు తిరిగి వేయడం మతిలేని పొదుపు, కొత్త కిట్ వేయాలి. అల్యూమినియం క్యాలిపర్ అయితే మంట పద్ధతి పక్కన పెట్టి నేరుగా మంచి లేత్ షాపుకు ఇవ్వండి.

డ్రిల్లింగ్, కొత్త మర

ముక్క లోపలికంటా విరిగి, నట్టు అతికించడానికి కూడా వీలు లేనప్పుడే డ్రిల్లు పట్టాలి. స్క్రూ నడుమ రంధ్రం ముందే ఉండటం ఇక్కడ ఒక వరం: అది బిట్టును కేంద్రంలో నిలుపుతుంది. క్యాలిపర్‌ను చేత్తో పట్టుకుని కాక డ్రిల్లు స్టాండు మీద బిగించి, సన్నని బిట్టుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. ఎడమ వైపు తిరిగే బిట్టు దొరికితే ఇంకా మంచిది, ఒక్కోసారి కోస్తుండగానే ముక్క దానంతట అది విడిపోయి బయటికి వస్తుంది. 10 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు పిచ్ (మర చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం) ఉన్న మరకు బిట్టు 9 మిల్లీమీటర్లు దాటకూడదు; 8 మిల్లీమీటర్లు, 1.25 పిచ్ అయితే 6.8, 7 మిల్లీమీటర్లు, 1 పిచ్ అయితే 6. ఈ హద్దు దగ్గర ఆగితే స్క్రూ మర పలుచని తీగ చుట్టలా మిగులుతుంది, దాన్ని సూదిమొన పనిముట్టుతో లాగి తీసి, అదే కొలత ట్యాప్ అనే మర కోసే పనిముట్టుతో మరను శుభ్రం చేయవచ్చు.

అసలు ప్రమాదం వెడల్పులో కన్నా లోతులో ఉంది. కొత్త స్క్రూ పొడవును కొలిచి, బిట్టు సీటుకు తగలకముందే ఆగేలా దాని మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోవాలి. బిట్టు సీటును గీరితే మర ఎంత చక్కగా వచ్చినా స్క్రూ ఎంత బిగించినా ఆయిల్ కారుతూనే ఉంటుంది. అడుగు వరకు మర తీయడానికి మొన చదునుగా ఉన్న ట్యాప్ వాడాలి. ఇనుప రజను లోపల మిగలకుండా గాలి కొట్టి, స్పిరిటుతో కడిగి, వెలుతురులో పెట్టి చూడాలి. ఆ రజను ఒక్క రేణువు సీలు కింద చేరినా కష్టమంతా వృథా.

మర పూర్తిగా పోయినప్పుడు రంధ్రం పెద్దదిగా చేసి, మర ఉన్న అడాప్టర్ బిగించి, దానిలో చిన్న కొత్త బ్లీడర్ పెట్టే రిపేరు కిట్లు దొరుకుతాయి. వీటిలో సీటు అడాప్టర్‌లోనే ఉంటుంది కనుక పాత సీటు చెడినా పని జరుగుతుంది. కానీ అడాప్టర్‌కూ క్యాలిపర్‌కూ నడుమ ఆయిల్‌ను ఆపవలసింది ఈసారి మరే. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు లైన్లలో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 70 కిలోలను దాటగలదు కాబట్టి ఆ పని చేసే చేయి నిదానమైనదై ఉండాలి, రంధ్రం చుట్టూ తగినంత మందం మిగలాలి. క్యాలిపర్ ఎక్కడా దొరకనంత పాత బండికి మాత్రమే నేను దీన్ని ఒప్పుకుంటాను. పాత సామాను అంగడిలో అదే మోడల్ క్యాలిపర్ దొరికితే, దాని నిప్పిల్ సులువుగా తిరుగుతోందో లేదో అక్కడే చూసి తెచ్చి, కొత్త కిట్ వేసుకోవడం అడాప్టర్ కన్నా మంచిది. కుడి క్యాలిపర్‌ను ఎడమకు వేస్తే నిప్పిల్ కిందివైపుకు వస్తుంది, గాలి పైకి చేరుతుంది కనుక ఎంత కొట్టినా అది బయటికి రాదు. కొనేటప్పుడు ఈ ఒక్కటి సరిచూసుకోండి.

దారిలో చిక్కుకుంటే

ఊరికి దూరంగా ఉన్నప్పుడు, ముక్క కారకుండా బిగిసి ఉండి లోపల గాలి మాత్రమే చేరితే, పైపు నట్టునో క్యాలిపర్‌కు గొట్టం బిగించే బాంజో బోల్టునో కొద్దిగా వదులు చేసి, పెడల్ తొక్కించి గాలి తీసే పద్ధతి ఉంది. క్యాలిపర్‌ను విప్పి, ప్యాడ్ల నడుమ చెక్కముక్క పెట్టి, గొట్టం చేరే చోటు అన్నిటికంటే పైకి వచ్చేలా పట్టుకుంటే చాలా గాలి బయటికి వస్తుంది. వీల్ సిలిండర్‌లో పైపు చేరే చోటు కిందుగా ఉంటుంది, అందువల్ల కొంత గాలి లోపలే మిగులుతుంది. పెడల్ గట్టిగా ఉంటేనే, సరుకు దించి, నెమ్మదిగా షెడ్డు వరకు మాత్రమే బండి నడపాలి.

ఆ చక్రానికి పోయే పైపును కోసి, నలిపి మూసేసి మిగతా మూడు చక్రాల బ్రేకులతో పంపించే అలవాటు మన రోడ్ల పక్కన ఇప్పటికీ ఉంది. దానికి నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. ఖాళీ బండిలో తేడా తెలియకపోవచ్చు. బరువుతో, తడి రోడ్డు మీద ఒక్కసారి గట్టిగా తొక్కితే బండి అడ్డం తిరుగుతుంది, ఎదురుగా వచ్చేవారికి ఆ పైపు సంగతి తెలియదు. విరిగిన చోట ఎపాక్సీ ముద్ద అద్దడం, మరకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించడం కూడా ఇదే కోవలోకి వస్తాయి: ఆయిల్‌ను ఆపేది సీటు కాబట్టి టేపు చేసేదేమీ లేదు, దాని పీలికలు రంధ్రంలోకి పోతే కొత్త చిక్కు మొదలవుతుంది.

బిగించేటప్పుడు

ఏ దారి ఎంచుకున్నా కొత్త స్క్రూ, కొత్త రబ్బరు టోపీ వేయాలి. మర పై భాగానికి మాత్రమే పలుచగా యాంటీ సీజ్ పేస్టు (మర పట్టేయకుండా కాపాడేది) రాయాలి. ముక్కుకు, అడ్డ రంధ్రానికి అది తగలకూడదు. డీజిలు, కిరసనాయిలు, ఇంజిన్ ఆయిల్ వంటివి బ్రేకు రబ్బరును ఉబ్బజేసి పాడుచేస్తాయి కనుక వాటితో కడిగిన ఏ భాగాన్నీ అలాగే బిగించకూడదు. సీళ్లకు కొత్త బ్రేక్ ఆయిల్ రాసి ఎక్కించాలి. స్టీరింగ్ కుడివైపున ఉన్న మన బండ్లలో మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉండే వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టి, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి వరుసలో గాలి తీయడం మామూలు పద్ధతి. బరువును బట్టి వెనుక ఒత్తిడిని సర్దే వాల్వు మీద కొన్ని బండ్లలో వేరే నిప్పిల్ ఉంటుంది, దాన్ని మరచిపోకూడదు. స్క్రూను ఆరు పలకల బాక్స్ పానాతో, మణికట్టు బలంతో బిగిస్తే చాలు. చాలా చిన్న బ్లీడర్లకు 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకుని, నిప్పిల్ చుట్టూ పొడి కాగితం ఆనించి చూసి, బండి ఒక రోజు తిరిగాక మళ్లీ అదే చోట చూడాలి. మిగిలిన మూడు చక్రాల నిప్పిళ్లను కూడా ఆ రోజే, బండి ఎలాగూ జాకీ మీద ఉండగానే, ఒక్కొక్కటిగా విప్పి పేస్టు రాసి బిగించి టోపీలు పెట్టించండి.